ఆగినప్పుడే మలుపు



మన పల్లెలకు ఇంటర్నెట్ కేబుల్ వేస్తుంటే మీరు చూసే ఉంటారు. 2011లో కేంద్రం ఆమోదించిన, ఇప్పుడు భారత్‌నెట్ అని పిలిచే పని అది. చేను పక్కనైతే కాలువ తవ్వి వేస్తారు. కానీ నిర్మల్, ఆదిలాబాద్ మీదుగా పోయే 44వ నంబరు జాతీయ రహదారి లాంటిది అడ్డం వస్తే? రాత్రింబగళ్లు నాగ్‌పూర్ లారీలు తిరిగే రోడ్డును ఎట్లా తవ్వుతారు? అటువంటి చోట ఈ పక్క మిషన్ పెట్టి, నేల కింద నుంచే అడ్డంగా బోరు వేసి ఆ పక్క తేలుస్తారు. 1971లో అమెరికాలోని కాలిఫోర్నియాలో పజారో నది కింద పైపు వేయడంతో ఈ పద్ధతి మొదలైంది.

డ్రిల్ హెడ్ మట్టిలోకి పోయాక కంటికి కనబడదు. అయితే దాని వెనకే బ్యాటరీతో పనిచేసే చిన్న ట్రాన్స్‌మిటర్ ఉంటుంది. ట్రాకర్ పట్టుకున్న మనిషి పైన నడుస్తూ దాని సిగ్నల్ అందుకుంటాడు. ఎంత లోతులో ఉంది, ముక్కు పైకి ఉందా కిందికా, ఏ పక్కకు తిరిగి ఉంది, అన్నీ చూసి మిషన్ దగ్గరి మనిషికి చెబుతాడు. ఒక్కో రాడ్ దిగినప్పుడల్లా చూస్తాడు. దారి తప్పితే నీళ్ల పైపో కరెంటు కేబులో పగిలిపోతుంది.

ఇందులో నన్ను పట్టుకున్న సంగతి ఒకటుంది. హెడ్ ముందు పలక ఏటవాలుగా ఉంటుంది. తిప్పుతూ తోస్తే తిన్నగా పోతుంది. మళ్లించాలంటే ముందు తిప్పడం ఆపాలి. పలకను గడియారంలో 12 వైపు పెట్టి, తిప్పకుండా తోస్తే పైకి లేస్తుంది. 6 వైపు పెడితే కిందికి, 3 వైపు పెడితే కుడికి పోతుంది. గిరగిర తిరుగుతున్నంతసేపూ దానిని మళ్లించలేరు.

మా సంఘంలో ఒక తల్లి ఉంది. గల్ఫ్‌లో పని పోయి ఆమె కొడుకు ఇంటికి వచ్చాడు. నెలలు గడుస్తున్నాయి, అప్పు మీద మిత్తి పెరుగుతోంది. "దేవుడు మా వాణ్ని ఎందుకు ఆపిండు అయ్యగారూ?" అని అడిగింది.

ప్రతి ఆటంకమూ దేవుడే పంపాడని నేను చెప్పను. ఏజెంటు మోసం చేస్తే అది మోసమే. దానికి ప్రార్థనతో పాటు పోలీస్ స్టేషన్‌కు కూడా పోవాలి. కానీ ఆగిన మనిషిని దేవుడు వదిలేశాడని మాత్రం అనుకోవద్దు. సంఖ్యాకాండము 9వ అధ్యాయం చదవండి. మేఘం నిలిచినంత కాలం ఇశ్రాయేలీయులు గుడారాల్లోనే ఉన్నారు. అది రెండు రోజులైనా, నెలైనా, ఇంకా ఎక్కువైనా వారు కదలలేదు. అక్కడ నిలిచి ఉండటం కూడా ప్రయాణంలో భాగమే.

ఇంకొక మాట. తిప్పడం ఆగినా తోయడం ఆగదు. ఆ తల్లీకొడుకులతో మా సంఘ పెద్ద ఒకరు కూర్చుని అప్పులన్నీ కాగితం మీద రాశారు. ఎవరికి ముందు కట్టాలో, ఎవరిని గడువు అడగాలో తేల్చుకున్నారు. అప్పు తీరలేదు. కానీ ఆ అబ్బాయి ఇప్పుడు గదిలోంచి బయటికి వస్తున్నాడు, మనుషులతో మాట్లాడుతున్నాడు.

ప్రియులారా, మీ వాడకట్టులో కూడా ఇట్లా ఆగిపోయినవారు ఉంటారు. "ఇంకా పని దొరకలేదా?" అని దూరం నుంచి అడగవద్దు. ట్రాకర్ పట్టుకున్న మనిషిలాగా వారున్న చోటికి నడవండి. ఎంత లోతులో ఉన్నారో, ఎటు తిరిగి ఉన్నారో దగ్గరగా తెలుసుకోండి. ఈ వారమే ఒక ఇంటి తలుపు తట్టండి.

ప్రార్థన: పరలోకపు తండ్రీ, మేము మట్టి కింద ఉన్నా నీ కంటికి మరుగు కాము. ఆగిన చోట మమ్మును నీ వైపు మళ్లించుము. ఆగిపోయినవారి దగ్గరికి మమ్మును నడిపించుము. యేసు నామంలో వేడుకుంటున్నాము తండ్రీ, ఆమేన్.