నాలుగు పరుగుల ఆశ

గ్యారీ స్టెడ్‌ని 2025-26 దేశవాళీ సీజన్‌కి ఆంధ్ర క్రికెట్ జట్టు హెడ్ కోచ్‌గా తీసుకున్నారు. వార్త చదివాక ఇంకో రెండు పత్రికల్లో చూసి గానీ నమ్మలేదు. 2018 నుంచి 2025 దాకా న్యూజిలాండ్‌కి కోచ్‌గా ఉన్న మనిషి. 2019 ప్రపంచకప్ ఫైనల్ టై అయ్యి, సూపర్ ఓవరూ టై అయ్యి, చివరికి బౌండరీల లెక్కలో ఓడిపోయిన జట్టు ఈయనదే. 2021లో సౌతాంప్టన్‌లో మనవాళ్ళని ఓడించి మొట్టమొదటి టెస్ట్ ఛాంపియన్‌షిప్ పట్టుకెళ్ళిన జట్టూ ఈయనదే. అలాంటాయన విశాఖ వచ్చి, రంజీ ట్రోఫీ ఒక్కసారీ గెలవని జట్టుని చేతిలోకి తీసుకుంటున్నాడు.

ఆంధ్ర రంజీ జట్టుకి అభిమాని అన్న మాటే చాలామందికి వింతగా వినిపిస్తుంది. ఐపీఎల్ జట్టుకి అభిమానులుంటారు, ఇండియాకి ఉంటారు. రంజీ స్కోరు కోసం పనిదినం మధ్యాహ్నం ఫోన్ తెరిచి చూసేవాళ్ళు ఎందరు? తక్కువమందే, కానీ ఉన్నాం. ఆంధ్ర 1953-54లో రంజీలోకి వచ్చింది. ఆ సీజన్‌లో కెప్టెన్, ఇండియా మొట్టమొదటి టెస్ట్ కెప్టెన్ అయిన సి.కె. నాయుడు. అప్పటికే 58 ఏళ్ళు. అంటే మన జట్టు పుట్టడమే ఒక పెద్ద పేరుని ముందు నిలబెట్టుకుని పుట్టింది. డెబ్భై ఏళ్ళ తర్వాత మళ్ళీ ఒక పెద్ద పేరు. అందుకే సంతోషంతో పాటు చిన్న అనుమానం కూడా.

విజయనగరంలో ఉండే మా మావయ్యకి ఫోన్ చేసి చెప్పాను. ఆయన కాసేపు ఆలోచించి, "మంచిదే గానీ, ఆయనొచ్చి బేటింగ్ చేస్తాడేటి?" అన్నారు. నవ్వేశాను గానీ, ఆ ప్రశ్న వదల్లేదు. నాయకుడు మారితే జట్టు నిజంగా మారుతుందా?

ఈ విషయంలో మా ఊరికి ఒక పాత అనుభవం ఉంది. 1936లో ఇంగ్లండ్ వెళ్ళిన భారత జట్టుకి కెప్టెన్ విజయనగరం మహారాజకుమార్, అందరూ విజ్జీ అని పిలిచే ఆయన. క్రికెట్ మీద ప్రేమకి లోటు లేదు. అంతకు కొన్నేళ్ళ ముందే సొంత ఖర్చుతో జాక్ హాబ్స్, సట్‌క్లిఫ్ లాంటివాళ్ళని ఇండియా రప్పించి ఆడించిన మనిషి. కానీ కెప్టెన్సీ ఆయనకి వచ్చింది బ్యాటు వల్ల కాదు, డబ్బూ పలుకుబడీ వల్ల. జట్టు ముక్కలైంది. మొదటి టెస్టు కూడా మొదలవకుండానే లాలా అమర్‌నాథ్‌ని క్రమశిక్షణ పేరుతో ఇంటికి పంపేశారు. సి.కె. నాయుడు అంతటివాడు ఆయన కింద ఆడాల్సి వచ్చింది. మూడు టెస్టుల్లో విజ్జీ చేసినవి మొత్తం 33 పరుగులు. సిరీస్ 2-0తో పోయింది. ఊళ్ళో ఆయన పేరున స్టేడియం ఉంది, ఆయన అన్నగారి కొడుకు పి.వి.జి. రాజు పేరున ఆంధ్ర క్రికెట్ సంఘం మైదానం ఉంది. క్రికెట్‌కి ఆ కుటుంబం చేసింది చిన్నదేం కాదు. అయినా 1936 నుంచి నేర్చుకోవాల్సింది ఒకటుంది: నాయకుడి వల్ల జట్టు పాడవడానికి ఒక్క వేసవి చాలు. బాగుపడటానికి ఎంత పడుతుందన్నదే అసలు సంగతి.

దానికి జవాబు వేరే రాష్ట్రాల్లో దొరుకుతుంది. ముందు మనల్ని ఓడించినవాళ్ళ దగ్గర వెతుకుదాం.

2022-23 రంజీ క్వార్టర్ ఫైనల్. ఇండోర్‌లో మధ్యప్రదేశ్ మీద. మనం మొదటి ఇన్నింగ్స్‌లో 379 కొట్టి, వాళ్ళని 228కి ఆపాం. 151 పరుగుల ఆధిక్యం. మణికట్టు విరిగిన హనుమ విహారి ఎడమచేతి వాటం బ్యాటర్‌లా నిలబడి ఒంటిచేత్తో ఆడిన మ్యాచ్ అదే. ఆ వీడియో దేశమంతా చూసింది. తర్వాత జరిగింది మాత్రం మనమే గుర్తుపెట్టుకున్నాం. రెండో ఇన్నింగ్స్‌లో 93కి ఆలౌట్. మధ్యప్రదేశ్ 5 వికెట్ల తేడాతో గెలిచింది. మరుసటి ఏడాది మళ్ళీ క్వార్టర్ ఫైనల్, మళ్ళీ ఇండోర్, మళ్ళీ మధ్యప్రదేశ్. ఈసారి వాళ్ళని రెండో ఇన్నింగ్స్‌లో 107కే పడగొట్టాం. గెలవడానికి 170 కావాలి. 165 దగ్గర ఆగిపోయాం. నాలుగు పరుగుల తేడా. ఆ సీజన్‌లో దేశం మొత్తం మీద అందరికన్నా ఎక్కువ పరుగులు, 902, చేసిన రికీ భుయ్ మన జట్టులోనే ఉన్నాడు. ఆ మ్యాచ్ అయ్యాక కెప్టెన్సీ గొడవ వార్తలకెక్కింది. 2024-25లో నాకౌట్ దాకా కూడా వెళ్ళలేదు.

ఈ రెండు ఓటముల్లోనూ ఆటగాళ్ళు తక్కువ కాలేదు. గెలిచే అవకాశం ఉండి కూడా జారిపోయాం. ఆ రెండుసార్లూ అవతలి డ్రెస్సింగ్ రూమ్‌లో కోచ్‌గా కూర్చున్నది చంద్రకాంత్ పండిట్. ఆయన కథ తెలిసిందే. 1998-99లో మధ్యప్రదేశ్ కెప్టెన్‌గా బెంగళూరులో ఫైనల్ ఓడిపోయాడు. కోచ్ అయ్యాక విదర్భకి వరసగా రెండు ట్రోఫీలు, 2017-18లో, 2018-19లో. ఆ తర్వాత మధ్యప్రదేశ్‌కి వచ్చి 2022 జూన్‌లో, అదే బెంగళూరులో, ముంబైని ఓడించి ఆ రాష్ట్రానికి మొదటి రంజీ ట్రోఫీ తెచ్చాడు. కోచ్ వల్ల ఏమీ కాదనేవాళ్ళకి ఇది చూపించొచ్చు.

కానీ పండిట్ ఈ దేశపు మట్టి తెలిసిన మనిషి. స్టెడ్‌కి దగ్గరి పోలిక కేరళలో ఉంది. 1996లో శ్రీలంకకి ప్రపంచకప్ గెలిపించిన డేవ్ వాట్‌మోర్ 2017లో కేరళ కోచ్‌గా వచ్చాడు. రంజీలో కేరళని అప్పటిదాకా ఎవరూ పెద్దగా లెక్కలోకి తీసుకునేవారు కాదు. మొదటి సీజన్‌లోనే మొట్టమొదటి క్వార్టర్ ఫైనల్, రెండో సీజన్‌లో మొట్టమొదటి సెమీ ఫైనల్. రెండిట్లోనూ విదర్భ చేతిలోనే ఓటమి. మూడో సీజన్ బాగా సాగలేదు. 2020లో వాట్‌మోర్ వెళ్ళిపోయాడు. ఇంతేనా విదేశీ కోచ్ అనుకున్నారు చాలామంది. 2024-25లో అదే కేరళ అమయ్ ఖురాసియా కోచింగ్‌లో ఫైనల్ చేరింది. సెమీస్‌లో గుజరాత్ 455, కేరళ 457. ఫీల్డర్ హెల్మెట్‌కి తగిలి లేచిన బంతిని స్లిప్‌లో క్యాచ్ పట్టి, ఆ రెండు పరుగుల ఆధిక్యంతో వెళ్ళారు. ఫైనల్లో ఎదురైంది మళ్ళీ విదర్భే. ట్రోఫీ రాలేదు. కానీ ఆ జట్టులో కొందరు పెద్దవాళ్ళు వాట్‌మోర్ కాలంలో ఎదిగినవాళ్ళే. ఆయన వేసిన దాన్ని ఇంకొకాయన కోశాడు.

ఇది నాకు పరాయి కథలా అనిపించలేదు. ఇంజనీరింగ్ మూడో ఏడాదిలో మా కాలేజీ క్రికెట్ జట్టుకి కొత్త పీడీ సార్ వచ్చారు. అప్పటిదాకా మా జట్టు ఇంటర్ కాలేజియేట్‌లో మొదటి రౌండ్‌లో ఓడి, ఆ సాయంత్రం సినిమాకి పోయి ఇంటికొచ్చే జట్టు. ఆయన వచ్చిన మొదటి నెల ఎవరికీ బ్యాటు ఇవ్వలేదు. "బేటు తర్వాతరా బాబూ. ముందర బాలు పట్టడం సూడండి" అనేవారు. పొద్దున్న అయిదున్నరకి చలిలో వంద క్యాచ్‌లు. జట్టులో పన్నెండోవాణ్ణి కాబట్టి ఒక లాంగ్ నోట్‌బుక్ నా చేతికిచ్చారు. ఎవరు ఎన్ని జారవిడిచారో, కుడి వైపా ఎడమ వైపా, ఎత్తులోనా కిందనా, అన్నీ రాయాలి. మొదటి వారం అందరూ నా మీద కోప్పడ్డారు. నెల తిరిగేసరికి ప్రాక్టీస్ అయిపోగానే తమ పేజీ చూడ్డానికి నా చుట్టూ మూగేవారు.

ఆ ఏడాది మేం రెండో రౌండ్‌లో ఓడిపోయాం. తర్వాతి ఏడాదీ రెండో రౌండే. సార్‌కి బదిలీ అయిపోయింది. బయటివాళ్ళు చూస్తే ఏం మారిందని అడుగుతారు. కానీ మేం కాలేజీ వదిలేటప్పుడు ఆ నోట్‌బుక్ కావాలని ఒక జూనియర్ అడిగి తీసుకున్నాడు. అది నిండిపోతే ఇంకోటి కొన్నారని విన్నాను. మేం చేసే ఉద్యోగాల్లో కొత్త మేనేజర్ వచ్చిన మొదటి నెల ఎలా ఉంటుందో తెలిసిందే: కొత్త స్లైడ్లు, కొత్త డాష్‌బోర్డు, పాత బగ్గులు. మంచి నాయకుణ్ణి గుర్తుపట్టడానికి నేను నేర్చుకున్న కొలమానం మాత్రం ఆ నోట్‌బుక్కే. ఆయన వెళ్ళిపోయాక కూడా, ఎవరూ చెప్పకుండా జరిగే పని ఏదైనా మిగిలిందా?

ఈ కొలమానంతో చూస్తే స్టెడ్ మీద ఆశ పెట్టుకోవడానికి కారణాలున్నాయి. న్యూజిలాండ్ జనాభా యాభై లక్షల పైచిలుకు. ఆంధ్రప్రదేశ్‌ది దానికి దాదాపు పదింతలు. మనది చిన్న జట్టు, మన దగ్గర ముంబైలో ఉన్నంతమంది లేరు అనే మాట ఆయన దగ్గర చెల్లదు. ఉన్న కొద్దిమందితోనే పని కానివ్వడం ఆయనకి వృత్తి. పైగా జాతీయ జట్టుకి వెళ్ళే ముందు కాంటర్‌బరీ లాంటి దేశవాళీ జట్టుతో ఏళ్ళ తరబడి పని చేసినవాడు. ఖాళీ గ్యాలరీల ముందు నాలుగు రోజుల మ్యాచ్ ఆడించడం ఆయనకి కొత్త కాదు.

2024 సంగతి మరీ ముఖ్యం. ఆ సెప్టెంబరులో న్యూజిలాండ్ శ్రీలంకలో 2-0తో ఓడిపోయింది. టిమ్ సౌథీ కెప్టెన్సీ వదులుకున్నాడు. టామ్ లేథమ్‌కి పగ్గాలిచ్చి, విలియమ్సన్ లేకుండా ఇండియా వచ్చారు. అప్పటిదాకా వాళ్ళు మన గడ్డ మీద గెలిచిన టెస్టులు మొత్తం రెండే, 1969లో ఒకటి, 1988లో ఒకటి. బెంగళూరులో మనల్ని 46కి ఆలౌట్ చేశారు. పుణేలో శాంట్నర్ 13 వికెట్లు తీశాడు. అంతకుముందు టెస్టుల్లో ఒక్క ఇన్నింగ్స్‌లోనూ ఐదు వికెట్లు తీయనివాడు! ముంబైలో చిన్న లక్ష్యాన్ని కాపాడుకుని 25 పరుగులతో గెలిచారు. శ్రీలంకలో ఓడినవాళ్ళకీ ముంబైలో గెలిచినవాళ్ళకీ మధ్య నెలన్నర కూడా లేదు. కోచ్ ఆయనే, ఆటగాళ్ళు చాలావరకు వాళ్ళే. ఓటమి తర్వాత ఎవరినో బలిచ్చి మళ్ళీ మొదలుపెట్టే పద్ధతి అక్కడ కనబడదు. మన జట్టుకి ఇండోర్‌లో రెండుసార్లు లేనిది ఆ నిబ్బరమే అనుకుంటాను.

ఇక ఆటగాళ్ళంటారా, ఉన్నారు. నితీశ్ కుమార్ రెడ్డి మెల్‌బోర్న్‌లో సెంచరీ కొట్టాక విశాఖ పేరు అందరికీ తెలిసింది. నాకు అంతకన్నా ఆసక్తి త్రిపురాన విజయ్ మీద. శ్రీకాకుళం జిల్లా టెక్కలి కుర్రాడు, ఆఫ్ స్పిన్ వేస్తాడు, బ్యాటింగూ చేస్తాడు. 2025 ఐపీఎల్ కోసం ఢిల్లీ 30 లక్షలకి తీసుకుంది. టెక్కలి నుంచి విశాఖకి దాదాపు 150 కిలోమీటర్లు. ఆ దారిలో ఎన్ని హైస్కూలు మైదానాలున్నాయో, వాటిలో ఎన్ని చోట్ల ఎండలో టెన్నిస్ బాలుతో పిల్లలు ఆడుతున్నారో రైల్లో కిటికీ పక్కన కూర్చున్న ఎవరైనా చెప్పగలరు. వాళ్ళందర్నీ స్టెడ్ చూడలేడు. చూడక్కర్లేదు కూడా. ఆయన నెట్స్ వెనక నిలబడి ఏం చేస్తున్నాడో మన జిల్లా కోచ్‌లు పది మంది చూస్తే చాలు. వాళ్ళు తిరిగి శ్రీకాకుళం, పార్వతీపురం, బొబ్బిలి వచ్చి అదే పని చేస్తే చాలు.

అది జరుగుతుందా? ఒక సీజన్ కోచ్ చేతిలో ఉండే పని కాదది. సంఘం పట్టించుకోవాలి, ఆయన వెళ్ళిపోయాక వచ్చేవాడు కొనసాగించాలి, ఒక చెడ్డ మ్యాచ్ తర్వాత అందరూ కుర్చీల కోసం కొట్టుకోకుండా ఉండాలి. మన చరిత్ర చూస్తే మూడోదే అన్నిటికన్నా కష్టం. అయినా మా మావయ్య ప్రశ్నకి ఇప్పుడు నా దగ్గర జవాబుంది. ఆయన బ్యాటింగ్ చెయ్యడు. 379 కొట్టినవాళ్ళకి 93 దగ్గర ఏమవుతోందో రాసి పెడతాడు. ఆ పేజీ వాళ్ళకే చూపిస్తాడు.

ఈ సీజన్‌లో ట్రోఫీ వస్తుందని నేను ఎవరితోనూ పందెం కట్టను. నేను కోరుకునేది చిన్నది. మళ్ళీ ఒక నాకౌట్ మ్యాచ్, నాలుగో ఇన్నింగ్స్, గెలవడానికి 170. ఏ ఊళ్ళో అయినా సరే. ఆరు వికెట్లు పడ్డాక క్రీజులోకి నడిచే కుర్రాడు స్కోరుబోర్డు వైపు కాకుండా ఫీల్డు వైపు చూస్తే, ఆ రోజు ఫలితం ఏదైనా, ఆంధ్ర మారిందని నమ్ముతాను. ఆ మధ్యాహ్నానికి ఇప్పుడే సెలవు పెట్టి ఉంచుకుందామంటే తేదీ తెలీదు, అంతే.