తిరిగివచ్చే దారి

పిల్లలూ! కారు నడవటానికి ఒక్క రోడ్డు చాలు. కాని కారు లోపలి విద్యుత్తుకు రెండు దారులు కావాలి. బ్యాటరీ నుంచి దీపానికి వెళ్ళే దారి ఒకటి, దీపం నుంచి మళ్ళీ బ్యాటరీకి వచ్చే దారి ఒకటి. వీటిలో ఏది చెడినా దీపం సరిగా వెలగదు. ఈ సంగతి నాకు అరకు కొండల్లో బాగా తెలిసివచ్చింది.

2023 డిసెంబరులో ఒక సాయంకాలం మేము అద్దెకారులో అరకు నుంచి శృంగవరపుకోటకు దిగివస్తున్నాము. సుంకరిమెట్ట కాఫీతోటలు దాటేసరికి పొగమంచు కమ్ముకున్నది. డ్రైవరు హెడ్‌లైట్లు వేశాడు. ఎడమ దీపం చక్కగా వెలిగింది. కుడి దీపం మాత్రం మిణుకు మిణుకుమన్నది.

"ఒకటి వెలుగుతున్నది కదా, మెల్లగా పోదాం," అన్నారు మాలో ఒకరు.

"వద్దు బాబూ! ఎదురుగా వచ్చేవాడికి ఎడమ దీపం ఒక్కటే కనిపిస్తే మోటారుసైకిలు అనుకుంటాడు. పక్కన చోటున్నదని మన మీదికే వస్తాడు," అని డ్రైవరు రోడ్డు వారగా వెడల్పయిన చోట కారు ఆపాడు.

అతను ఏదీ విప్పకముందే ఆలోచించాడు. ఎడమ దీపం బాగా వెలుగుతున్నది కనుక బ్యాటరీ మంచిదే. ఫ్యూజు కాలిపోయినా, బల్బులోని సన్నతీగ తెగినా కుడి దీపం అసలే వెలగదు. మసకగానైనా వెలుగుతున్నదంటే, విద్యుత్తుకు దారిలో ఎక్కడో అడ్డు తగులుతున్నదన్న మాట. ఆ అడ్డు వెళ్ళే దారిలోనా, వచ్చే దారిలోనా?

అతని దగ్గర రెండు వైర్లున్న చిన్న టెస్టు లైటు వున్నది. ఒక వైరును బ్యాటరీ నెగటివ్ కొసకు తగిలించి, రెండోదాన్ని కుడి దీపానికి విద్యుత్తు తెచ్చే వైరుకు తాకించాడు. టెస్టు లైటు ధగధగా వెలిగింది. వెళ్ళే దారి బాగానే వున్నది!

కారులో తిరిగివచ్చే దారి ఏమిటో తెలుసా? కారు ఇనుపశరీరమే! దీపం నుంచి వచ్చే పొట్టి వైరును ఆ ఇనుముకు బోల్టుతో బిగిస్తారు. దీన్నే మెకానిక్కులు ఎర్తు అంటారు. డ్రైవరు ఒక విడి వైరుతో ఆ పొట్టి వైరును నేరుగా బ్యాటరీ నెగటివ్ కొసకు కలిపాడు. వెంటనే కుడి దీపం భగ్గున వెలిగింది.

దొంగ దొరికాడు! కొండల తేమకు ఆ బోల్టు తుప్పు పట్టింది. విద్యుత్తుకు తుప్పు కలిగించే ఆ అడ్డునే నిరోధం అంటారు. బ్యాటరీ ఇచ్చే 12 వోల్టులలో కొంతభాగం తుప్పు దగ్గరే ఖర్చయిపోతే, దీపానికి మిగిలేది తక్కువే కదా! డ్రైవరు దీపాలు ఆర్పి, గరుకు కాగితంతో తుప్పు గీకి, బోల్టు గట్టిగా బిగించాడు. తరవాత రెండు కళ్ళతో చూస్తూ కారు అనంతగిరి మలుపులు దిగింది.

మీ ఇంట్లో రేకు టార్చిలైటు వున్నదా? అది వెలగకపోతే వెంటనే కొత్త బ్యాటరీలు కొనకండి. ముందు అడుగున వున్న స్ప్రింగు చూడండి. టార్చిలో కూడా రేకుగొట్టమే తిరిగివచ్చే దారి. స్ప్రింగుకు పట్టిన తుప్పు గీకి చూడండి. గోడలోని ప్లగ్గుల జోలికి మాత్రం ఎన్నడూ పోకండి. అక్కడ వున్నది 230 వోల్టులు!