వత్తులు మింగిన టీవీ

మా ఇంటి టీవీ 1999 నాటిది. దాని వెనుక పసుపు, తెలుపు, ఎరుపు సాకెట్లు మాత్రమే ఉన్నాయి. మొన్న అమర్చిన సెట్‌టాప్ బాక్సుకేమో హెచ్‌డీఎంఐ ఒక్కటే ద్వారం. "ఇది పారేయండి మాస్టారూ" అన్నాడు కేబుల్ అబ్బాయి. మా ఆవిడ చీటీ పాడుకొని కొన్న వస్తువది. ఆమె ముఖం చూచి నేను ఊరకున్నాను.

వట్టి తీగ చాలదట. అంకెల భాషను పాత పెట్టె ఎరిగిన భాషలోకి మార్చే దుబాసీ, అనగా కన్వర్టరు, నడుమ ఉండవలెనట. తెచ్చి తగిలించాను. బొమ్మ వచ్చింది గాని, అడుగున పరుగెత్తే వార్తలలో వత్తులు లేవు! ఢిల్లీ 'ఢిలీ' అయింది. పన్నుల భారం 'పనుల భారం' అయింది. బొమ్మ అంచులను కొంత చట్రం చాటున దాచుకొనడం పాత తెరల స్వభావం. ఏండ్ల తరబడి వత్తులు దిద్దినవాణ్ణి, ఎట్లా ఓర్చుకొనేది?

బాక్సు సెట్టింగులు వెదకి '4:3 లెటర్‌బాక్స్' ఎంచుకొన్నాను. పైనా క్రిందా నల్లని పట్టీలు వచ్చి బొమ్మ కుదించుకొన్నది. వత్తులు మాత్రం తిరిగివచ్చాయి.

"అక్షరాలు చిన్నవైపోయాయండీ, నాకు ఆనవు" అన్నది మా ఆవిడ. ఆమె కుర్చీ ముందుకు జరిపాను. అప్పటికీ ఆనకపోతే నేనే పైకి చదివి వినిపిస్తున్నాను, వత్తులతో సహా.