ర్యాంకూ ఉండాలి... పానా పట్టాలి!

షికాగోలో దక్షిణానికి వెళ్లే రైలెక్కితే, ఊరు దాటిన కాసేపటికే కిటికీకి అటూ ఇటూ మొక్కజొన్న, సోయా చేలు మొదలవుతాయి. గుట్టా లేదు, లోయా లేదు. చూపు ఆనినంత మేరా చాప పరిచినట్టు నల్లటి నేల. అలా 200 కిలోమీటర్లు దాటాక వస్తాయి జంట ఊళ్లు... షాంపేన్, అర్బానా. ఇల్లినాయ్ విశ్వవిద్యాలయం ఉన్నది అక్కడే. కంప్యూటర్ చదువుల కోసం మన పిల్లలు ఎందరో వెళ్లే క్యాంపస్ ఇది. ట్రాక్టర్‌ని సొంతంగా తయారుచేసే పిల్లలూ అక్కడే కనిపిస్తారు!

చేనుకు నీడ తగలకూడదని...

క్యాంపస్ నడిబొడ్డున, భవనాల మధ్య ఓ చిన్న మొక్కజొన్న చేను ఉంటుంది. పేరు మారో ప్లాట్స్. 1876లో మొదలైన పంట ప్రయోగం ఇంకా నడుస్తూనే ఉంది. అమెరికాలో ఇంత పాత ప్రయోగ క్షేత్రం మరొకటి లేదు. దీని పక్కనే 1969లో ఓ లైబ్రరీ కట్టారు. భవనం పైకి లేస్తే చేనుమీద నీడ పడుతుంది. ఇన్నేళ్ల ప్రయోగం పాడవుతుంది. మరేం చేశారు? లైబ్రరీనే భూమిలోపల రెండంతస్తులుగా కట్టారు! 2022లో ఆ లైబ్రరీ మూతపడింది. చేను మాత్రం పండుతూనే ఉంది.

పైరుకు అంత మర్యాద ఇచ్చే చోట, వ్యవసాయ ఇంజినీరింగ్‌ని ఎవరూ చిన్నచూపు చూడరు. పొలంలో నిలిచిన నీటిని బయటికి పంపడం, ధాన్యం పాడవకుండా నిల్వచేయడం, యంత్రాలు రూపొందించడం... అన్నీ ఈ చదువులో భాగమే. ఇప్పుడు దీన్ని వ్యవసాయ, జీవ ఇంజినీరింగ్ అంటున్నారు.

రెండు గుమ్మాలు

ఏటా ఆగస్టులో క్యాంపస్ పచ్చికమీద తిరునాళ్లలా 'క్వాడ్ డే' జరుగుతుంది. వందల విద్యార్థి సంఘాలు బల్లలు వేసుకుని కొత్తవాళ్లను పిలుస్తాయి. వ్యవసాయ ఇంజినీరింగ్ పిల్లలకు ప్రధానంగా రెండు దారులు. ఒకటి 'ఆల్ఫా ఎప్సిలాన్'. 1959లో మిస్సోరీ విశ్వవిద్యాలయంలో పుట్టి, ఇతర విశ్వవిద్యాలయాలకూ విస్తరించిన గౌరవ సంఘం ఇది. చదువులో ముందున్నవాళ్లకే ఇందులో ప్రవేశం. రెండోది ట్రాక్టర్ జట్టు 'ఇల్లినై పుల్లర్స్'. ఇక్కడ అడిగేది మార్కులు కాదు, సాయంత్రాలు. వర్క్‌షాపులో చేతులకు గ్రీజు అంటించుకునే ఓపిక ఉంటే చాలు.

ఒకదానిలో ఉంటే మరోదానిలో ఉండకూడదనేం లేదు. పగలు లెక్కలు వేసిన చెయ్యే రాత్రి వెల్డింగ్ చేయొచ్చు.

పియోరియాలో పరీక్ష

ఆ వెల్డింగ్ నిలుస్తుందా లేదా తేలేది పియోరియాలో. అర్బానాకు వాయవ్యంగా సుమారు 145 కిలోమీటర్ల దూరాన, ఇల్లినాయ్ నది ఒడ్డున ఉందా ఊరు. 1907లో ఏర్పడిన అమెరికా వ్యవసాయ ఇంజినీర్ల సంఘం 1998 నుంచి విద్యార్థులకు 'క్వార్టర్ స్కేల్' ట్రాక్టర్ పోటీలు పెడుతోంది. అంటే, బొమ్మ ట్రాక్టర్ కాదు. మనిషి ఎక్కి నడిపే బుల్లి ట్రాక్టర్! చాలా ఏళ్లపాటు జట్లన్నిటికీ ఒకే రకం 31 హార్స్‌పవర్ ఇంజిను, టైర్లు ఇస్తూ వచ్చారు. మిగతాదంతా పిల్లల బుర్రకు, చేతికి వదిలేస్తారు.

కంపెనీల్లో పనిచేసే ఇంజినీర్లే న్యాయనిర్ణేతలు. బోల్టు విప్పాలంటే చెయ్యి దూరుతుందా, డ్రైవరుకు రక్షణ ఉందా, మోత ఎంత, ఇలాంటివి వెయ్యి చేయాలంటే గిట్టుబాటవుతుందా... అన్నీ గుచ్చిగుచ్చి అడుగుతారు. ఆఖర్న లాగుడు పోటీ. ట్రాక్టర్ వెనక ఓ బండి కడతారు. ముందుకు లాగుతున్నకొద్దీ అందులోని బరువు ట్రాక్టర్‌ వైపు జరుగుతూ బండిని నేలకేసి నొక్కుతుంది. చక్రాలు గిర్రున తిరుగుతాయి, మట్టి లేస్తుంది, ఒక చోట ట్రాక్టర్ ఆగిపోతుంది. అంతవరకే లెక్క.

ఏడాది కష్టం అరనిమిషంలో విరిగిపోవడమూ ఉంటుంది. అయినా అక్కడ విరిగితే పోయేది ఒక పోటీ. అదే దుక్కిలో విరిగితే? రైతుకు అదును పోతుంది. ఒక్కోసారి డ్రైవరు ప్రాణమే పోవచ్చు. ఈ తేడా పిల్లలకు కాగితం మీద కాదు, మట్టిలో తెలుస్తుంది.

మనకూ చుట్టరికమే

ఈ ఇల్లినాయ్ మనకు మరీ పరాయిదేం కాదు. 1960లో పంత్‌నగర్‌లో మొదలైన దేశపు తొలి వ్యవసాయ విశ్వవిద్యాలయానికి నమూనా, చేయూత ఇచ్చింది ఇదే. 1964లో హైదరాబాద్‌లో వెలసిన ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ విశ్వవిద్యాలయానికి కాన్సస్ స్టేట్ విశ్వవిద్యాలయం తోడ్పడింది. చదువుల పద్ధతి అలా సముద్రాలు దాటి వచ్చింది. ఎంట్రన్సు ర్యాంకు చెప్పగానే 'వ్యవసాయ ఇంజినీరింగా?' అని ముఖం చిట్లించే అలవాటు మాత్రం మనదే!

పోటీ ముగిశాక ట్రాక్టర్లు మూలన పడవు. కొత్తగా చేరినవాళ్ల కోసం 'ఎక్స్ టీమ్' పోటీ వేరే ఉంది. నిరుటి ట్రాక్టర్‌నే విప్పి, సీనియర్లు చేసిన తప్పులు వెతికి, సరిదిద్ది తేవాలి. అన్నలు బిగించిన బోల్టును విప్పడంతోనే తమ్ముళ్ల చదువు మొదలవుతుంది.