రీల్ పెట్టకు బేటీ, ఆగు!



పోయిన జుమా నాడు నమాజు చదివి ఇంటికొచ్చి దస్తర్‌ఖాన్ ముందు కూచున్నానో లేదో, వరంగల్ నుంచి ఫోను. మా మామూ పోతీ. పాలిటెక్నిక్ రెండో సంవత్సరం చదువుతోంది.

"చాచా, దాదీ కోసం వజూ చౌకీ తయారు చేశాను. వీడియో తీశాను. సాయంత్రం ఇన్‌స్టాలో రీల్ పెడతాను, మీరు మీ పేపర్లో కూడా రాయాలి" అంది ఒక్క ఊపిరిలో.

ముద్ద చేతిలోనే ఉండిపోయింది. "రీల్ పెట్టకు బేటీ. ఆగు. ఎవరికీ పంపకు" అన్నాను. నా గొంతు నాకే గట్టిగా వినిపించింది. పిల్ల చిన్నబోయింది. చాచా సంబరపడతాడనుకుంది పాపం.

ఎందుకలా అన్నానో చెప్పాలంటే నా ఖతా ఒకటి ఒప్పుకోవాలి. ఇన్నేళ్లూ దాన్ని ఎక్కడా రాయలేదు.

మా మామూ వెల్డింగ్ మిస్త్రీ. మండీబజార్ వెనక గల్లీలో చిన్న రేకుల దుకాణం. నాలుగో తరగతి దాటలేదు. ఇనప పని గురించి ఎవరైనా తక్కువ చేసి మాట్లాడితే, "ఇది దావూద్ అలైహిస్సలాం కసబ్ రా, ఆయన చేతుల్లో అల్లాహ్ ఇనుమును మైనంలా చేశాడు" అనేవాడు. ఆయన జిగ్రీ దోస్త్ ఒక బావర్చీ. ఒక వలీమాలో దాల్చా దేగ్‌ని నలుగురు కలిసి వంచుతుంటే ఒకడి చేయి జారింది. మరుగుతున్న దాల్చా బావర్చీ సాబ్ రెండు కాళ్ల మీదా పడింది. మూడు నెలలు మంచంలో ఉన్నాడు. ఆ మూడు నెలలూ మామూకి నిద్ర లేదు.

పాత ఇనప సామాన్ల దుకాణంలో ఒక లారీ స్టీరింగ్ బాక్స్ కొన్నాడు. డ్రైవరు స్టీరింగ్ చాలాసార్లు తిప్పితేగానీ చక్రం కొంచెం తిరగదు కదా, ఆ హిసాబును దేగ్‌కి పెట్టాడు. హ్యాండిల్ తిప్పుతుంటే దేగ్ మెల్లమెల్లగా వంగుతుంది. చేయి తీసేస్తే ఎక్కడిదక్కడే నిలబడుతుంది. అసలు హునర్ మాత్రం పట్టులో ఉంది. ఏ సైజు దేగ్ పెట్టినా మూడు ఇనప చేతులు దాని అంచు కింద పట్టుకుంటాయి. దేగ్ ఎంత బరువుంటే పట్టు అంత బిగుస్తుంది. బోల్టు లేదు, స్క్రూ లేదు. దేగ్ బరువే దానికి తాళం. దుకాణం వెనక దేగ్ నిండా నీళ్లు పోసి వంచి చూపించాడు. ఒక్క చుక్క పక్కకు పడలేదు.

నేనప్పుడు జిల్లా డెస్కులో కొత్త. ఉర్దూ మీడియం బడిలో చదివి, డిగ్రీ తెలుగులో చేసి, తెలుగు పేపర్లో నౌకరీ సంపాదించినవాణ్ణి. నా ఖాందాన్ గురించి నా కలంతో రాయాలని ఒకటే తపన. రాశాను. అర పేజీ వచ్చింది. మామూ ఫోటో, స్టాండ్ ఫోటో వేశారు. అక్కడితో ఆగినా బాగుండేది. నేను మేధావిని కదా, ఆ మూడు చేతులు ఎలా బిగుస్తాయో బొమ్మ గీయించి, కొలతలతో సహా వేయించాను.

మామూ ఆ రోజు దుకాణంలో అందరికీ చాయ్ పోయించాడు. ఆ ముక్కను లామినేషన్ చేయించి గోడకు కొట్టాడు.

ఏడాది తిరక్కుండా పెద్ద ఊళ్లో ఒక ఫ్యాక్టరీ అదే స్టాండును తళతళలాడే స్టీలులో తయారు చేసి క్యాటరింగ్ వాళ్లకు అమ్మడం మొదలుపెట్టింది. మామూని తీసుకుని హైదరాబాద్‌లో ఒక పేటెంట్ వకీల్ సాబ్ దగ్గరకు వెళ్లాను. ఆయన మా మాటలన్నీ ఓపిగ్గా విని ఒకటే సవాల్ అడిగాడు: "దరఖాస్తు పెట్టకముందు ఇది ఎక్కడైనా అచ్చయిందా?" నేను గర్వంగా నా వ్యాసం తీసి బల్ల మీద పెట్టాను. ఆయన దాన్ని చదివి, మడిచి, మళ్లీ నా చేతికే ఇచ్చాడు.

"దేగ్ వంచడం పాత సంగతే. స్టీరింగ్ బాక్స్ కూడా పాతదే. తెలిసిన వస్తువులను పక్కపక్కన పెడితే చట్టం దాన్ని ఈజాద్ అనదు. కానీ ఆ పట్టు ఉంది చూడండి, దాని మీద అడగొచ్చు. అడిగే వీలుండేది. ఈ బొమ్మ అచ్చయిన రోజుతో అది కొత్తది కాకుండా పోయింది" అన్నాడు.

మామూకి తెలుగు బాగానే అర్థమవుతుంది. అయినా దారిలో నన్ను ఏమీ అడగలేదు. బస్టాండులో చాయ్ తాగుతూ మాత్రం, "పోనీలే బేటా, ఎవరి రిజ్క్ వాళ్లది" అన్నాడు. తిట్టినా బాగుండేది.

ఆ తర్వాతే ఈ ఖానూన్ చదవడం మొదలుపెట్టాను. చదివేకొద్దీ శర్మిందా అయ్యాను. మనవాళ్లు తక్రీరుల్లో అల్ జజరీ పేరు ఎంత ఫఖ్ర్‌తో చెబుతారు! నిజమే, ఆయన దియార్‌బకర్‌లో ఆర్తుఖీ పాలకుల కొలువులో పనిచేసి, 1206లో తన యంత్రాలన్నిటినీ కితాబుగా రాసిపెట్టాడు. ఏనుగు గడియారం, నీళ్లు పైకి తోడే యంత్రాలు, ఏది ఎలా తయారు చేయాలో బొమ్మలతో సహా చెప్పాడు. దాచుకోలేదు. కానీ ఒక సంగతి మరచిపోతాం. ఆయనకు రోటీ దర్బారు నుంచి వచ్చేది. మా మామూకి దర్బారు లేదు. ఆయన బొమ్మను నేను ఊరంతటికీ పంచిపెట్టి, ఆయన రోటీ సంగతి మరచిపోయాను.

పేటెంట్ అంటే ఏదో పెద్ద కంపెనీల మామలా అనుకునేవాణ్ణి. నిజానికి అది జజరీ పనికి ఒక షరతు కలిపినట్టే. "నీ ఇల్మ్ దాచకు, మరొకరు చదివి తయారు చేయగలిగేంత వివరంగా రాసివ్వు. దానికి బదులుగా దరఖాస్తు తేదీ నుంచి 20 ఏళ్లు దాని హక్ నీది" అంటుంది ప్రభుత్వం. 20 ఏళ్ల తర్వాత అది అందరిదీ. ఇందులో నాకైతే బేయిన్సాఫీ కనిపించలేదు. తరతీబ్ తెలియకపోవడమే మన ముసీబత్. ముందు దరఖాస్తు, తర్వాతే బజారు, రీలు, పేపరు. మనం తిరగేసి చేస్తాం. అచ్చేయడమే కాదు, ముందుగా అమ్మినా చిక్కే. ప్రభుత్వం ప్రకటించిన ఎగ్జిబిషన్‌లో పెడితే 12 నెలల వెసులుబాటు లాంటివి కొన్ని ఉన్నాయి గానీ, వాటి మీద భరోసా పెట్టుకోవద్దు.

ఖర్చు సంగతి కూడా చెబుతాను. మనిషి తన సొంత పేరు మీద ఆన్‌లైన్‌లో పెట్టే దరఖాస్తుకు మామూలు రుసుము 1,600 రూపాయలు. మన రెండు తెలుగు రాష్ట్రాల దరఖాస్తులు చెన్నై ఆఫీసు కిందికి వస్తాయి. వస్తువు ఇంకా పూర్తిగా కుదరకపోయినా ప్రొవిజినల్ దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఆ తేదీ మనకు దక్కుతుంది. పూర్తి వివరం ఇవ్వడానికి 12 నెలల సమయం ఉంటుంది. ఇవ్వకపోతే దరఖాస్తు పోయినట్టే. తర్వాత పరీక్షించమని అడగడానికి 4,000, వకీలును పెట్టుకుంటే ఆయన ఫీజు, పేటెంట్ వచ్చాక దాన్ని నిలుపుకోవడానికి ఏటేటా రుసుము. చౌక అని అనను. కానీ మొదటి మెట్టు ఒక బక్రా ధర కంటే చాలా తక్కువ.

అదీ కష్టమైతే తలుపులు వేరే ఉన్నాయి. ఆలేరు ప్రాంతపు చింతకింది మల్లేశం కథ మీకు తెలిసే ఉంటుంది. తల్లి ఒక్క చీరకు ఆసు పోయాలంటే చేతిని వేలసార్లు అటూ ఇటూ ఆడించాల్సి వచ్చేది. భుజాలు పడిపోయేవి. ఆ నొప్పి చూడలేక ఏళ్ల తరబడి కుస్తీ పట్టి 1999లో ఆసు యంత్రం పూర్తి చేశాడు. 2017లో పద్మశ్రీ వచ్చింది. చదువు బడిలోనే ఆగిపోయిన మనిషి ఆయన. అలాంటివాళ్ల కోసమే 2000లో నేషనల్ ఇన్నొవేషన్ ఫౌండేషన్ పెట్టారు. గుజరాత్‌లో ఉంది. డిగ్రీ లేని హునర్‌మంద్‌ల ఈజాద్‌లు వెతికి, వాళ్ల రాతపూర్వక ఇజాజత్ తీసుకుని, పేటెంట్ దరఖాస్తుకు సాయపడుతుంది. బడి పిల్లల ఆలోచనలకు కలాం సాబ్ పేరు మీద ఇగ్నైట్ అవార్డులిచ్చింది. హైదరాబాద్‌లో పల్లె సృజన వాళ్లు ఊరూరా నడిచి ఇలాంటివాళ్లను కలుస్తారు. నమూనా తయారు చేసుకోవడానికి రాయదుర్గంలో టీ వర్క్స్ ఉంది, 2023లో తెరిచారు.

అవార్డు వస్తే కడుపు నిండుతుందని మాత్రం అనుకోకండి. బిహార్ మోతీహారీలో మహమ్మద్ సైదుల్లా సాబ్ నీళ్ల మీద కూడా నడిచే సైకిల్ తయారు చేశాడు. దేశమంతా వార్తలొచ్చాయి, ఫౌండేషన్ ఇనామ్ కూడా ఇచ్చింది. ఆయన గరీబీ మాత్రం వదల్లేదు. పేటెంట్ అయినా, ఇనామ్ అయినా ఒక కాగితమే. కొనేవాడు, తయారు చేసేవాడు దొరకాలి. ఆ పని మనమే చేసుకోవాలి. "నీ ఐడియా మేం అమ్మిపెడతాం, ముందు లక్ష కట్టు" అనేవాళ్లు దొరుకుతారు. వాళ్లకు దూరం నుంచే సలాం.

ఇక మా పిల్ల సంగతి. ఆ రాత్రే బస్సెక్కి వరంగల్ వెళ్లాను. వజూ చౌకీ చూశాను. మా ముమానీకి మోకాళ్లు వంగవు. వాష్‌బేసిన్‌లోకి కాలెత్తబోయి రెండుసార్లు పడబోయింది. ఈ చౌకీ మీద ఆమె కూచుంటే ఆమె బరువుకే పీట కొంచెం దిగుతుంది, ముందున్న కాలిపలక పైకి లేస్తుంది. కరెంటు లేదు, మోటారు లేదు. పాత పేటెంట్ల కోసం ఇద్దరం తెల్లవార్లూ ఫోనులో వెతికాం. కాళ్లు కడిగే యంత్రాలు చాలానే ఉన్నాయి. మనిషి బరువుతోనే ఇలా పనిచేసేది మాకు కనిపించలేదు. అలాగని లేదని కాదు, ఆ ఫైసలా ఆఫీసు వాళ్లది. ప్రొవిజినల్ దరఖాస్తు రాసుకున్నాం. పిల్ల ఉర్దూలో చెప్పింది, నేను తెలుగులో రాసుకున్నాను, తన దోస్త్ ఇంగ్లీషులోకి మార్చింది. సోమవారం పంపాం.

మామూకి ఇప్పుడు చెవులు సరిగ్గా వినపడవు. రసీదు చూపించి, "ఇది బచ్చీ పేరు మీద" అని గట్టిగా చెప్పాను. తేదీ ఎక్కడుందో చూపించమన్నాడు. దాని మీద వేలు పెట్టుకుని కాసేపు కూచున్నాడు. తర్వాత, "బరువుతో బిగించడం నా దగ్గరే నేర్చుకుంది" అన్నాడు.

నా వ్యాసం ఇంకా ఆ దుకాణం గోడ మీదే ఉంది. తీసేయమని ఎన్నోసార్లు చెప్పాను. తీయడు. "నా ఫోటో బాగా వచ్చింది" అంటాడు.

మీ గల్లీలో కూడా ఒక మిస్త్రీ ఉంటాడు, ఒక దర్జీ ఉంటాడు, వంటింట్లో కొత్త జుగాడ్ చేసిన ఖాలా ఉంటుంది. వాళ్ల ఫోటో తీసేముందు ఒక్క మాట అడగండి: దరఖాస్తు పెట్టారా అని. వాళ్ల హునర్ మన దగ్గర అమానత్. నేను అందులో ఖియానత్ చేశాను, ప్రేమతోనే చేశాను. మీరు చేయకండి.

పిల్ల కోసం దువా చేయండి. చౌకీ పేరు తప్ప ఇంకేమీ ఇక్కడ ఎక్కువ రాయలేదేమని అడుగుతారేమో. దరఖాస్తు పెట్టాకే రాశాను, అదీ పిల్లను అడిగి, తను చదివి సరే అన్నంత వరకే.

ఖుదా హాఫిజ్.