ఆ నలభై సెకన్ల గిటారు

నిజం చెబితే నవ్వుతారేమో! అరవై దాటినవాణ్ణి. మోకాళ్ళ నొప్పులూ, బీపీ బిళ్ళలూ అన్నీ ఉన్నాయి. అయినా శుక్రవారం వచ్చిందంటే చాలు, రాత్రి భోజనం కాగానే డాబా ఎక్కి, చెవుల్లో ఇయర్‌ఫోన్లు దోపుకుని, ఏ దేశంలో ఏ కుర్రాళ్ళు కొత్తగా గిటారు పాట విడుదల చేశారా అని ఫోన్లో వెతుక్కుంటూ కూర్చుంటాను. "ఈ వయసులో ఇదేం పిచ్చండీ!" అంటుంది మా ఆవిడ. పిచ్చే, కాదనను. కానీ ఆ పిచ్చి వెనక ఒక అప్పుంది. అది ఇన్నేళ్ళూ ఎవరికీ చెప్పలేదు. మీకు చెబుతున్నాను.

శుక్రవారం అంటే మనకి సినిమా రిలీజు కదా! 2015 జులై నుంచి ప్రపంచం మొత్తం మీద కొత్త పాటలకి కూడా శుక్రవారమే ముహూర్తం పెట్టారు. ఎవరు పెట్టారో గానీ గుడివాడ వాళ్ళ మనసు తెలిసినవాళ్ళే!

మాది గుడివాడ. 1980ల్లో మా బావకి బందరు కోనేరు సెంటరు దగ్గర ఒక సందులో కేసెట్ల కొట్టుండేది. రోజూ పొద్దున్నే గుడివాడలో బందరు పాసింజరు ఎక్కేవాణ్ణి. కవుతరం, పెడన, చిలకలపూడి... రాత్రికి మళ్ళీ అదే బండి. పేరుకి కేసెట్ల అమ్మకం. అసలు వ్యాపారం రికార్డింగు. మీలో చాలామందికి తెలియదు గనక చెబుతున్నాను. జనం కాగితం మీద పన్నెండు పాటలు రాసుకొచ్చేవారు. వాటిని వరసగా ఖాళీ కేసెట్టులోకి ఎక్కించి ఇవ్వడం మా పని. అరవై నిమిషాల కేసెట్టు ఒక రేటు, తొంభైది ఒక రేటు. పాటకి హక్కుదారుడంటూ ఒకడుంటాడనీ, వాడికీ ఓ పైసా రావాలనీ మా బుర్రకి తట్టనే లేదు. ఆ మాటకొస్తే కొనేవాళ్ళకీ తట్టలేదు.

మేము సినిమా పాటలు తప్ప మరోటి ముట్టుకునేవాళ్ళం కాదు. మిగతావన్నీ 'ప్రైవేటు పాటలు'. ఈ మాట ఎంత చిత్రమైందో ఇప్పుడనిపిస్తుంది. మా గుడివాడ పక్కనే చౌటపల్లిలో 1922లో పుట్టిన ఘంటసాల గారి పుష్పవిలాపం ప్రైవేటు పాట. ఆయన భగవద్గీత ప్రైవేటు రికార్డు. ఏ హీరో పెదవులాడించలేదు, ఏ డైరెక్టరూ షాటు పెట్టలేదు. అయినా ఊరూరా మోగాయి. ఇవాళ ఇంగ్లీషు పేపర్ల వాళ్ళు 'ఇండిపెండెంట్ మ్యూజిక్' అని గొప్పగా రాస్తున్నదేమిటి? మన ప్రైవేటు పాటే!

సరే, అసలు సంగతికొస్తాను.

1989, సంక్రాంతి వెళ్ళాక. మధ్యాహ్నం కొట్టులో ఒక్కణ్ణే ఉన్నాను. ఒక కుర్రాడొచ్చాడు. ఇరవై ఏళ్ళుంటాయి. సన్నగా, నల్లగా, చేతిలో గుడ్డసంచీ. పాటల చీటీ ఇస్తాడని చెయ్యి చాచాను. కేసెట్టిచ్చాడు.

"పాటలు ఎక్కించడం కాదండి. దీనికి పది కాపీలు కావాలండి."

"ఏ సినిమాదండీ?"

"సినిమావి కాదండి. మావేనండి."

దివిసీమ కుర్రాడు. అవనిగడ్డ అవతల, కోడూరు వైపు. చిన్నప్పటినించీ చర్చిలో క్రిస్మస్ పాటలకి గిటారు వాయించేవాడట. మన డెల్టాలో గిటారు ముందుగా ఇంటిమనిషైంది సినిమా హాల్లో కాదు, చర్చిలోనే. అక్కడి స్నేహితులిద్దర్ని కూడగట్టి, టూ-ఇన్-వన్ ఒకటి ఎరువు తెచ్చి, ప్రార్థన లేని రోజున చర్చి తలుపులు మూసుకుని ఆరు పాటలు రికార్డు చేసుకున్నారు. రెండు గిటార్లు, ఒక డ్రమ్ము, ఒక తంబురీను. కాపీలు తీయించి పరిచయస్తులకి అమ్ముతారట. డబ్బు వేసవి వెళ్ళాక కడతానన్నాడు.

నాకు నవ్వొచ్చింది. బయటికి నవ్వలేదు గానీ, వచ్చింది. అయినా బేరం బేరమే కదా అని కేసెట్టు పుచ్చుకున్నాను. అతను వెళ్ళాక ఊసుపోక డెక్కులో పెట్టాను.

ఆ పాట ఎలా ఉందో చెప్పడం కష్టం. ముందు గిటారు గలగలమంది. పొద్దున్నే కాలవ మీద ఎండ పడితే నీళ్ళు మెరుస్తాయే, అలా. వెంటనే డ్రమ్ము, చప్పట్లు. సంక్రాంతికి కోడిపందేల దగ్గరికి వెళ్తున్నంత హుషారు. ముగ్గురూ ఒకే గొంతై పల్లవి ఎత్తుకున్నారు. కాలు దానంతటది ఊగడం మొదలెట్టింది. అప్పుడు మాటలు వినిపించాయి.

అది ఇంట్లో ఎంతమంది ఉన్నారో లెక్కపెట్టే పాట. మొదటి చరణంలో ఏడుగురు. తరవాత అయిదుగురు. ఆ తరవాత... 1977 నవంబరు 19 రాత్రి దివిసీమని ఉప్పెన ముంచేసినప్పుడు ఈ కుర్రాడికి తొమ్మిదో పదో ఉండి ఉంటాయి. పాటలో ఎక్కడా ఉప్పెన అన్న మాట లేదు. ఏడుపు లేదు. ట్యూను మాత్రం చివరిదాకా అదే హుషారు, అవే చప్పట్లు. మూడు నిమిషాల్లో అయిపోయింది. నేను లేచి డెక్కు ఆపేశాను. మిగతా అయిదు పాటలు తరవాత విందాంలే అనుకున్నాను.

వినలేదు.

మే నెలలో 'గీతాంజలి' వచ్చింది. ఆ నెల బందర్లో ఎవరి చీటీ చూసినా ఇళయరాజా గారి పాటలే. దానికి తోడు పెళ్ళిళ్ళ సీజను. పొద్దున్న తెరిచిన కొట్టు రాత్రి దాకా కిటకిట. ఒకరోజు సాయంత్రం ఖాళీ కేసెట్లు అయిపోయాయి. బెజవాడ నుంచి సరుకు మర్నాటికి గానీ రాదు. ఎదురుగా పెళ్ళివారు నిలబడి ఉన్నారు. "ఏదో ఒకదాంట్లో కొట్టెయ్యరా!" అన్నాడు బావ. చేతికందిన కేసెట్టు తీశాను. చెయ్యి ఒక్క క్షణం ఆగిన మాట నిజం. ఆగింది గానీ, మానలేదు.

కేసెట్టు వెనక అంచున రెండు చిన్న ప్లాస్టిక్ రెక్కలుంటాయి. అవి విరిచేస్తే దాని మీద ఇంకేదీ రికార్డు కాదు. కంపెనీ కేసెట్లకి విరిచే వస్తాయి. ఆ కుర్రాడికి ఆ సంగతి తెలియదు. తెలిసినవాణ్ణి నేను! తీసుకున్న రోజునే గోటితో రెండు టిక్కులు టిక్కుమనిపిస్తే సరిపోయేది.

జూన్‌లో వచ్చాడు, డబ్బు పట్టుకుని. "టేపు మిషన్లో చిక్కుకుని ముక్కలైపోయింది తమ్ముడూ" అన్నాను. అబద్ధం. అతని ముఖం చూడలేక బీరువా తెరిచి కొత్త ఖాళీ కేసెట్టు తీసి చేతిలో పెట్టాను. "దీంట్లో మళ్ళీ రికార్డు చేసుకోండి."

"రెండో గిటారు అబ్బాయి ఊరొదిలి వెళ్ళిపోయాడండి" అన్నాడు. తరవాత, "ఇదెంతండి?" అన్నాడు, ఖాళీ కేసెట్టు చూపించి.

వద్దన్నాను. దణ్ణం పెట్టి వెళ్ళాడు. మళ్ళీ రాలేదు.

ఆ తరవాత కథ త్వరగా చెప్పేస్తాను. కేసెట్లు పోయాయి, సీడీలొచ్చాయి, అవీ పోయాయి. బావ కొట్టు మూసేశాడు. నేను గుడివాడలో ఎరువుల కొట్టులో లెక్కలు రాసుకున్నాను. పాటల జోలికి పోలేదు.

2018లో హైదరాబాదు నుంచి మా మేనల్లుడు వచ్చాడు. "మావయ్యా, ఇది విను" అని ఫోన్లో ఒక పాట పెట్టాడు. గిటారు గలగల, చప్పట్లు, ఒకే గొంతైన ముగ్గురు నలుగురు, హుషారైన ట్యూను కింద గుచ్చుకునే దిగులు. నా గుండె ఆగినంత పనైంది! "ఎవర్రా వీళ్ళు? దివిసీమ వాళ్ళా?" అనేశాను. వాడు పడీపడీ నవ్వాడు. అమెరికాలో మెంఫిస్ ఊరివాళ్ళట. బిగ్ స్టార్ అని బ్యాండు. 1972 నాటి రికార్డు.

"దీన్ని పవర్ పాప్ అంటారు మావయ్యా" అన్నాడు. ఆ మాట 1967లో 'ది హూ' బ్యాండు గిటారిస్టు పీట్ టౌన్‌షెండ్ వాడాడట. బీటిల్స్ లాంటి తీయటి ట్యూను, దానికి గట్టి గిటారు దన్ను, మూడు నిమిషాల్లో ముగింపు. అంతే లక్షణం. ఆ బిగ్ స్టార్ కుర్రాళ్ళు తమ మొదటి ఆల్బానికి ధైర్యంగా 'నెంబర్ వన్ రికార్డ్' అని పేరు పెట్టారు. పత్రికలు మెచ్చుకున్నాయి. కానీ పంపిణీ దెబ్బతిని రికార్డులు షాపులకే చేరలేదు. పాటలు కట్టినవాళ్ళలో ఒకడైన క్రిస్ బెల్ 1978లో కారు ప్రమాదంలో పోయాడు, ఇరవై ఏడేళ్ళకి. తరవాత తరం గిటారు కుర్రాళ్ళు వాళ్ళనే గురువులన్నారు. పాట బాగుంటే చాలదు, అది షాపు దాకా రావాలి. వచ్చిందాన్ని షాపువాడు చెరపకుండా ఉండాలి!

అప్పటినించీ మొదలైంది నా శుక్రవారాల వేట. బ్యాండ్‌క్యాంప్ అని ఒక చోటుంది, 2008 నుంచి నడుస్తోంది. అక్కడ కుర్రాళ్ళు తమ పాటలు తామే పెట్టి, ధర తామే చెప్పి అమ్ముకుంటారు. 2020లో కరోనాకి కచేరీలు ఆగిపోతే, మార్చిలో మొదలుపెట్టి కొన్ని శుక్రవారాలు తన వాటా వదులుకుని బ్యాండ్ల వాళ్ళకే ఇచ్చేసింది. నేను కొన్నదానికి డబ్బు కడతాను. బందర్లో ఎగ్గొట్టినదంతా ఈ రకంగా తీరుతుందని కాదు గానీ... కడతాను.

దొరికినవన్నీ బంగారమనుకోకండి! పదింట్లో ఏడు చిలకలపూడి నగల్లాంటివి. తళుక్కుమంటాయి గానీ గీటురాయి మీద తేలిపోతాయి. అదే గిటారు, అవే మూడు కార్డులు, గొంతు ఎక్కడో నూతిలోంచి. అయినా ఆ మిగతా మూడు ఉన్నాయే, వాటి కోసం తెల్లారిందాకా కూర్చోవచ్చు.

ఆ వేటలోనే న్యూజిలాండులో డునెడిన్ అనే ఊరు తగిలింది. దక్షిణపు కొసన సముద్రం ఒడ్డున ఒక రేవుపట్నం. మన బందరు లాంటిదే అనుకోండి. అక్కడి కిల్‌గోర్ అన్నదమ్ముల బ్యాండు 'ది క్లీన్' 1981లో అతి తక్కువ ఖర్చుతో 'టాలీ హో' అని ఒక పాట తీస్తే, అది ఆ దేశపు టాప్ 20లోకి ఎక్కేసింది. దాన్ని విడుదల చేసిందెవరు? పెద్ద కంపెనీ కాదు. క్రైస్ట్‌చర్చ్‌లో రికార్డుల షాపులో పనిచేసే రోజర్ షెపర్డ్. చుట్టుపక్కల కుర్రాళ్ళ పాటలు ఎవరూ పట్టించుకోవడం లేదని తనే 'ఫ్లయింగ్ నన్' అని లేబులు పెట్టాడు. ఆ డునెడిన్ గిటారు పాటల కోసం ఇవాళ్టికీ ప్రపంచం నలుమూలలా వెతుక్కునేవాళ్ళున్నారు.

ఇది చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. అతనూ పాటల కొట్టు మనిషే. నేనూ పాటల కొట్టు మనిషినే.

మన తెలుగులో ఇలాంటివి లేవా అంటారేమో! రమణ గోగుల 1996లో 'ఆయే లైలా' ఆల్బం చేసి, ఆ తరవాతే కదా 'తమ్ముడు', 'బద్రి' సినిమాల్లో కుర్రకారుని ఊపేశాడు! 'చౌరస్తా' బ్యాండులో తెలుగు పాటలు పాడిన రామ్ మిరియాల 2021లో 'జాతిరత్నాలు' చిట్టి పాటతో ఇంటింటికీ తెలిశాడు. చౌరస్తా వాళ్ళది పవర్ పాప్ కాదు, అది పల్లెపాటా రెగ్గే కలిసిన దారి. కానీ ప్రైవేటు పాటగా మొదలై వెండితెర దాకా నడిచొచ్చారా లేదా? నా ఫిర్యాదల్లా ఒకటే. మనవైపు గిటారు పట్టిన కుర్రాళ్ళు చాలామంది ఇంగ్లీషులోనే పాడుతున్నారు. ఎందుకండీ? పల్లవి చివర గొంతు చాపి అరవడానికి అచ్చు కావాలి. మన తెలుగు మాటలన్నీ దాదాపు అచ్చుతోనే ఆగుతాయి. ఇంతకన్నా గిటారు పాటకి ఒప్పే భాష ఏముంది? దివిసీమ కుర్రాడికి ఆ సంగతి 1989లోనే తెలుసు.

చెప్పడం మరిచాను. ఆ కేసెట్టు కొన్న పెళ్ళివారు పది రోజులకే తిరిగొచ్చారు. "రెండో వైపు చివర్లో ఎవరో గిటారు వాయిస్తున్నారండీ, ఇదేం రికార్డింగు!" అని. సినిమా పాటలు ముందే అయిపోయి, చివర కాస్త టేపు మిగిలిపోయింది. అక్కడ నలభై సెకన్లు. కొత్తది ఎక్కించి ఇచ్చి, పాతది నేను ఉంచుకున్నాను.

మొన్న సంక్రాంతికి మేనల్లుడు వస్తే, పాత డెక్కు బాగుచేయించి వినిపించాను. ఒక పల్లవి చివర, ముగ్గురి గొంతు, చప్పట్లు, గిటారు గలగల, ఎవరో నవ్వు, టక్కున ఆగిపోవడం. వాడు లేచి నిలబడ్డాడు. "ఏ బ్యాండు మావయ్యా ఇది? మిగతాది ఎక్కడ దొరుకుతుంది?"

ఆ కుర్రాడికి ఇప్పుడు అరవై దగ్గర పడుతుంటాయి. పేరు చీటీ మీద రాసుకున్నాను గానీ, ఆ చీటీ కొట్టుతో పాటే పోయింది. అవనిగడ్డ, నాగాయలంక, కోడూరు వైపు పాఠకులెవరైనా ఉంటే, మీ ఊళ్ళో గిటారు వాయించే పెద్దాయన ఎవరైనా ఉంటే, ఇంట్లో మనుషుల్ని లెక్కపెట్టే పాట ఒకటి గుర్తుందేమో అడగండి. మిషన్లో చిక్కి టేపు తెగిపోలేదని చెప్పండి. నలభై సెకన్లు నా దగ్గరున్నాయి. రెక్కలు రెండూ విరిచేశాను.