బోరు నీళ్లతో పాటు పొలానికి ఏం పెడుతున్నాం?



ఒకే విత్తనం, ఒకే దుక్కి, ఒకే ఎరువు. పల్లంలో ఉన్న చేనుకు సాగర్ కాలవ నీళ్లు, మెరక మీద చేనుకు బోరు నీళ్లు. కింద మిరప నిగనిగలాడుతుంటే పైన మిరప ఆకు కొసలు మాడి, కురచబడి ఉంటుంది. మా దర్శి వైపు కుడి కాలవ చివరి భూముల్లో ఈ తేడా చూడని రైతు లేడు. చూసి కూడా మనం ముందు తిట్టేది విత్తనాన్ని, తర్వాత మందుల కొట్టాయన్ని. నీళ్లను మాత్రం అనుమానించం. అప్పు చేసి ఐదారొందల అడుగులు దించి తెచ్చుకున్న నీళ్లను అనుమానించాలంటే మనసొప్పదు మరి.

పోయిన ఆగస్టులో మూడు పాత ప్లాస్టిక్ తొట్లు తీసుకున్నాను. ఒకే చేను మట్టి నింపి, ఒకే నారుమడిలోంచి తీసిన మిరప మొక్కలు పెట్టాను. వసారాలో వాన పడని చోట ఉంచి ఒకదానికి డాబా మీద నుంచి డ్రమ్ముకు పట్టిన వాన నీళ్లు, ఒకదానికి కాలవ నీళ్లు, ఒకదానికి మెరక చేను బోరు నీళ్లు పోశాను. మొదటి రెండు వారాలు ఏ తేడా లేదు. మా ఇంటావిడ నవ్వింది కూడా. నెల దాటాక బోరు నీళ్ల తొట్టిలో మట్టి మీద తెల్లటి పూత లేచింది. అడుగు ఆకుల అంచులు ఎండాయి. ఎత్తులో మిగతా వాటికంటే జానెడు తక్కువ. వాన నీళ్ల కంటే కాలవ నీళ్లవే ఒక పిసరు బాగున్నాయి. కాలవ నీళ్లలో కాస్త సున్నం, ఒండ్రు ఉంటాయి గదా. మూడు తొట్లతో చేసినదాన్ని పరిశోధన అనను, కానీ కళ్లతో చూసింది కాదనలేను.

జరిగేది ఏమిటంటే, వేరు నీళ్లు తాగుతుంది, ఉప్పును చాలావరకు మట్టిలోనే వదిలేస్తుంది. పైన ఎండకు తడి ఆరినప్పుడు కూడా ఆవిరయ్యేది నీరే, ఉప్పు ఎక్కడికీ పోదు. తడి తడికీ అది పేరుకుంటుంది. మట్టిలో ఉప్పు పెరిగే కొద్దీ వేరుకు నీళ్లు లాక్కోవడం కష్టమవుతుంది. అందుకే చేలో తడి ఉన్నా మొక్క మధ్యాహ్నానికి వాడిపోతుంది. మనం అది చూసి ఇంకో తడి పెడతాం.

లెక్క చెబుతాను, మీరూ వేసుకోండి. నీళ్ల పరీక్ష కాగితంలో ఈసీ 2 అని ఉంటే లీటరుకు సుమారు 1,280 మిల్లీగ్రాముల లవణాలు ఉన్నట్టు. ఎకరాకు ఒక్క అంగుళం మందాన నీళ్లంటే లక్ష లీటర్ల పైమాటే. అంటే అంగుళానికి దాదాపు 130 కిలోలు. పైరు మొత్తం మీద 20 అంగుళాలు పెడితే 2,600 కిలోలు, 50 కిలోల బస్తాలైతే 52. అదంతా వంట ఉప్పు కాదు, సున్నం, మెగ్నీషియం లాంటివీ అందులో ఉంటాయి. అయినా యూరియా రెండు బస్తాలు ఎక్కువేస్తే లెక్క రాసుకునే మనం ఈ 52 బస్తాలు ఎక్కడా రాసుకోం.

మంచి వాన పడ్డ ఏడాది ఆ ఉప్పు వేళ్ల కిందకు కొట్టుకుపోతుంది. వాన పడ్డ నాలుగు రోజులకే పైరు మొఖం తేటపడటానికి ఇదో పెద్ద కారణం. 2023లా వానలు మొఖం చాటేసి, కృష్ణకు వరద సరిగా రాని ఏడాది మొత్తం భారం బోరు మీదే. ఉప్పు కిందకు దిగే దారి ఉండదు.

మన జిల్లాలో ఈ సంగతి ముందునుంచీ తెలిసినవాళ్లు పొగాకు రైతులే. క్లోరైడు ఎక్కువున్న నీళ్లు పెడితే ఆకు సరిగా కాలదు, తేమ పీలుస్తుంది. అందుకే పెద్దవాళ్లు బావి నీళ్లు నోట్లో పోసుకుని చూసి గానీ పొగాకు తోటకు పెట్టేవాళ్లు కాదు. మిరపకు ఆ జాగ్రత్త ఎందుకు పడమో నాకర్థం కాదు. ఉప్పుకు అదీ తట్టుకోదు. ఉల్లి, చిక్కుడు మరీ సున్నితం. పత్తి, జొన్న, కొబ్బరి చాలావరకు ఓర్చుకుంటాయి. ఏ పైరైనా మొలక, నారు దశలోనే ఎక్కువ దెబ్బతింటుంది కాబట్టి ఉన్న కాసిని మంచి నీళ్లు అప్పుడు వాడండి.

ఆడవాళ్లకు ఒక మాట. ఊళ్లో ఆర్‌ఓ ప్లాంటు బయటికి వదిలే నీళ్లు వృథా ఎందుకని కరివేపాకు చెట్టుకు పోస్తుంటారు. ప్లాంటు మంచినీళ్లను ఒకవైపుకు తీసి ఉప్పునంతా రెండోవైపు నీళ్లలోకి నెడుతుంది. అవి బోరు నీళ్లకంటే ఉప్పన. పోయొద్దు.

జిప్సం సంగతి. నీళ్లు ఉప్పగా ఉన్నాయనగానే కొట్లో జిప్సం బస్తాలు చూపిస్తారు. సోడియం ఎక్కువై నేల గట్టిపడి, నీళ్లు ఇంకక పైనే నిలబడుతుంటే జిప్సం పనిచేస్తుంది. ఉత్త ఉప్పదనానికి అది మందు కాదు. దానికి మంచినీళ్లతో కడగడం, కడిగిన నీళ్లు బయటికి పోయేలా మురుగు కాలవ తీయడమే దారి. మీ నీళ్లు ఏ రకమో పరీక్ష చేయిస్తేనే తెలుస్తుంది. మోటారు అరగంట నడిచాక, సీసాను అవే నీళ్లతో మూడుసార్లు కడిగి, నిండా పట్టి మూత బిగించి ఇవ్వండి. ఈసీతో పాటు సోడియం, క్లోరైడు, ఆర్‌ఎస్‌సీ కూడా అడగండి. ఆర్‌ఎస్‌సీ 2.5 దాటితే నేల చవుడుబారుతుంది. మే నెలలో ఒకసారి, వానలయ్యాక ఒకసారి చేయిస్తే ఇంకా మంచిది.

ఇదంతా ఇప్పుడు రాయడానికి కారణం మా బామ్మర్ది. ఏప్రిల్‌లో 580 అడుగులకు రెండంగుళాల నీళ్లు పడ్డాయి. కొబ్బరికాయ కొట్టి, మూడెకరాల్లో బత్తాయి పెడతానని నర్సరీలో అడ్వాన్సు కూడా ఇచ్చాడు. నేను ఒక సీసా పట్టుకెళ్లి పరీక్ష చేయించాను. ఈసీ 2.8. బత్తాయి, నిమ్మ ఉప్పుకు ఆగని చెట్లు. ఏడాదిదైతే పోతే పోయిందనుకుంటాం, ఇది నాలుగైదేళ్లు సాకితే గానీ కాపుకు రాదు. కాగితం చూపిస్తే "శుభమా అని బోరు వేస్తే నువ్విది తెచ్చావేంది బావా" అన్నాడు. మా ఇంటావిడ రెండు రోజులు నాతో సరిగా మాట్లాడలేదు.

మూడోరోజు అతనే ఫోన్ చేశాడు. ఇద్దరం కూర్చుని లెక్క వేశాం. కాలవ నీళ్ల ఈసీ 0.6 ఉంది. సగం సగం కలిపితే 1.7 దగ్గరకు వస్తుంది. బత్తాయికి అదీ ఎక్కువే. పత్తికి మాత్రం ఇబ్బంది లేదు. పల్లపు మూల కుంట తవ్వి వాన నీళ్లు పట్టుకుంటే లెక్క మారొచ్చు. ఈ ఏడాది వానల మీద పత్తి విత్తి, తర్వాత తడులకు బోరు వాడతానన్నాడు. నిన్న సాయంత్రం కుంటకు జాగా కొలిచి ముగ్గు పోశాం. బత్తాయి మాట మాత్రం వదల్లేదు, కుంట నిండాక చూద్దాం బావా అంటున్నాడు.